నరసింగరావు పాసు

కాలేజీ తమ్ముళ్లూ, అడిగారు కాబట్టి ఆ సమ్మె గురించి చెబుతున్నాను. మా కళ్లెదుటే కాంట్రాక్టర్ గురునాథరావు ఉత్తరం కోసం పెట్టుకున్న అర్జీని బలరాం మొహాన కొట్టాడు.

"నా హాజరీ పుస్తకంలో నరసింగరావు ఉన్నాడు. బలరాం ఎవడు? ఎవడికివ్వాలి ఉత్తరం?"

బలరాం తూర్పు బెంగాల్ నుంచి తల్లి చంకలో వచ్చిన కాందిశీకుడు. ఉండేది మా కూలీల బస్తీ, క్యాంప్ 2లోనే. కూతురు ఛాయకు ఏడేళ్లు, బ్లడ్ క్యాన్సర్. లండన్‌లో ఒక ఆసుపత్రి ఉచితంగా వైద్యం చేస్తానంది. పాస్‌పోర్టు కావాలంటే తండ్రి పనిచేసేచోటు నుంచి ఒక్క ఉత్తరం కావాలి.

ఉక్కు కొలిమి చిట్టెం ఎత్తే మా స్లాగ్ యార్డులో సగంమందిమి ఇంకొకరి గేటు పాసు మీదే పనిచేసేవాళ్లం. పని దొరికింది, అదే చాలనుకున్నాం. మాతో పనిచేసే జోగమ్మ మొగుడు నరసింగరావు యార్డులోనే చనిపోతే, ఆకలితో తిరుగుతున్న బలరాంకి ఆ పాసు ఆమే ఇచ్చింది.

సాయంత్రం కుళాయి దగ్గర మీటింగ్‌లో జోగమ్మ కూలబడిపోయింది.

"ఆ పిల్ల దారి నానే మూసేసినాను."

"నువ్వు అన్నం పెట్టావు దీదీ," అన్నాడు బలరాం.

"సచ్చినోడి పేరు ఆ కాంట్రాక్టరు పుస్తకంలో ఎందుకు ఉంచుకున్నాడో ఇప్పుడు తెలిసింది. ఉత్తరమిస్తే నువ్వు తొమ్మిదేళ్లు పన్జేసినట్టు ఒప్పుకోవాల, అప్పుడు పర్మినెంటు చెయ్యాల. అదీ ఆడి బయం. ఉత్తరం వచ్చీదాకా ఎవరూ పార ముట్టొద్దు."

మర్నాటినుంచి గేటు ముందు బైఠాయించాం. జోగమ్మ రోజూ ఆసుపత్రికి వెళ్లి వచ్చేది. "అత్తా, విమానం కిటికీ తెరుస్తారా?" అని ఛాయ అడిగేదట. తెరుస్తారనే చెప్పేది.

ఆరో రోజు మధ్యాహ్నం కాంట్రాక్టర్ గుమాస్తా మున్షీ ఉత్తరం తెచ్చాడు. అప్పటికి ఛాయను శ్మశానానికి సాగనంపి వచ్చి రెండు గంటలైంది. బలరాంకి చదువు రాదు. తన పేరుందా అని నన్ను అడిగాడు. ఉందన్నాను. అప్పుడు ఏడ్చాడు, అందరం ఏడ్చాం. ముందే వచ్చుంటే పిల్ల బతికేదో లేదో నాకు తెలీదు. బతికే అవకాశాన్ని మాత్రం లాక్కున్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మర్నాడు పొద్దున మున్షీ హాజరీ పిలిచాడు.

"నరసింగరావు."

"ఆయన తొమ్మిదేళ్ల కిందటే ఈ యార్డులో సచ్చిపోనాడు," అంది జోగమ్మ. "ఈడు బలరాం. ఛాయ నాయిన."

"రాజగోపాల్."

అది నా పాసు మీది పేరు. "రాజగోపాల్ ఊరెళ్లిపోయాడు. నేను చినబాబుని," అన్నాను.

నా వెనక ఇంకొకరు చెప్పారు, వాళ్ల వెనక మరొకరు. దొంగ పాసుల కేసంటూ పోలీసు వ్యాను వచ్చింది. ఎక్కేటప్పుడు జవాను పేర్లు రాసుకున్నాడు. అందరం సొంత పేర్లే చెప్పాం. బలరాం తన పేరు చెప్పి, పక్కన కూతురి పేరు కూడా రాయమన్నాడు.