కొత్త గుజ్జుకు పాత లెక్క

"నీళ్ల ఫిల్టర్ బాగుచేసే అతను పొద్దున్నే వస్తాడు, నువ్వే ఉండు" అని మా ఆయన మూడోసారి అన్నారు. మీరుండండి అని నేనూ మూడోసారే అన్నాను.

"నాకు మీటింగుంది. నీదేముంది, కంప్యూటర్ ముందు కూర్చోవడమేగా, ఎక్కడ కూర్చున్నా ఒకటే."

"మావాడు ఫిల్టర్‌కి కాపలా కాయాలా?" అత్తయ్య నవ్వింది.

నేను పనిచేసేది కాగితం మిల్లులో. తడి కాగితం వేడి రోలర్ల మీదుగా పోతూ ఆరుతుంది. ఎంత ఆవిరికి ఎంత ఆరుతుందో ముందే లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ మోడల్‌ని పెళ్లయిన కొత్తలో నేనే కట్టాను. ఇప్పుడు ఊరికి దూరంగా ఉన్న మా రెండో మిల్లులో కలప గుజ్జు మానేసి, పాత కాగితాల గుజ్జు వాడుతున్నారు. అది నీటిని ఇంకోలా పట్టుకుంటుంది. మోడల్ తప్పుతోంది. అలాగని మళ్లీ మొదటినుంచీ కట్టక్కర్లేదు. వేడి వేడే, నీరు నీరే. గుజ్జును బట్టి మారే రెండు మూడు అంకెలు దొరికితే చాలు. అవి యంత్రం పక్కన నిలబడితేనే దొరుకుతాయి.

వెళ్లాల్సింది నేనే, మామయ్యగారి కంటి ఆపరేషన్ ఉందని ఆగిపోయాను. నా బదులు వెళ్లిన ఇంజనీరు కనిపించిన ప్రతి అంకెనూ తిప్పి, మోడల్ గీసిన గీతను ఆ రోజు కొలతల గీత మీద అచ్చంగా కూర్చోబెట్టాడు. మర్నాడు ఇంకో రకం గుజ్జు రాగానే యంత్రం మీదే కాగితం తెగిపోయింది. "నిన్నటిదాకా భలే సరిపోయింది మేడమ్" అన్నాడు పాపం, ఫోన్లో. అతని గొంతు వెనక యంత్రం హోరు. అతను చెప్పేది వదిలేసి దాన్నే వింటూ ఉండిపోయాను. వెచ్చటి కాగితం వాసన, కాళ్ల కింద నేల అదురు, నేను అనుకున్న చోటే తడి ఆరిపోతుంటే గుండెలో కలిగే ఆ చిన్న గర్వం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మామయ్యగారి షుగర్, అమ్మాయి పరీక్షలు, ఆయన షిఫ్టులు, ఇంట్లో ఏది మారినా తిప్పే అంకె నేనే. "మా కోడలికి సర్దుకుపోయే గుణం" అని మామయ్యగారు నలుగురిలో మెచ్చుకుంటారు. నేనూ పొంగిపోయేదాన్ని.

రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నాక చెప్పాను. "రెండో మిల్లుకి వెళ్తున్నాను. మూడు నెలలు. ఆదివారం ప్రయాణం. ఆఫీసులో ఒప్పేసుకున్నాను."

ఆయన చేతిలో గరిటె ఆగింది. "మరి ఇల్లు?"

"ఎక్కడికి పోతుంది? మీరంతా ఉన్నారుగా."