పట్టాల మీద పోసిన నీళ్లు

నేను ఒక ఇనుప మీటను. రైలును ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మళ్లించడం నా పని. బల్గేరియాలో, బాల్కన్ కొండల నడుమ ద్రెనోదోల్ అనే చిన్న ఊరి స్టేషన్‌లో, కనుమ వైపు చివర నన్ను పాతారు. దూరదేశపు కార్ఖానాలో పోత పోసినప్పుడు నాకు ఆ లోయ సంగతి తెలియదు. తెలిసి ఉంటే కరగడానికే ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ ఊరికి భూగోళమే చరిత్ర. ఒకవైపు నిటారు కొండ, మరోవైపు నది. మధ్యనున్న సన్నని నేలను పట్టాలు తీసుకోగా, అవి వదిలిన మేర ఇళ్లు లేచాయి. అంతకుముందు అక్కడ గొర్రెల మందలు, ప్లమ్ తోటలు ఉండేవట. తరువాత యుద్ధాలు వచ్చాయి, జెండాలు మారాయి. ఎవరి సైన్యం వచ్చినా నేను ఒకే కిర్రు చప్పుడుతో తిరిగాను. ప్రతివారూ దాన్ని తమపట్ల విధేయత అనుకున్నారు. నిజానికి నా భయమంతా కనుమ నుంచి దిగే బొగ్గుబండి మీదే. మంచు పట్టిన ఆ వాలులో అది ఆపినచోట ఆగదు.

నన్ను తిప్పేవాడు రాద్కో. లైన్ పక్క క్వార్టర్లోనే భార్య త్స్వెతాతో కాపురం. ఒక జనవరి ఉదయం వారి కూతురు నెవెనా నర్సు చదువుకు రాజధానికి బయలుదేరింది. ఆమె ఎక్కిన బండి మొదటి లైన్‌లో నిలిచి ఉంది. దిగివచ్చే బొగ్గుబండిని నేను రెండో లైన్‌కు మళ్లించాలి. లేకుంటే అది నేరుగా ఆమె బండి మీదికే వస్తుంది.

ప్రయాణమయ్యేవారి ముందు నీళ్లు ఒలకబోయడం ఆ దేశపు ఆచారం. దారి నీటిలా సాగాలని. గడప ముందు పోస్తే సరిపోయేది. ద్రెనోదోల్ వారు రైల్వే మనుషులు కనుక ఇంజిను ముందు, పట్టాల మీద పోస్తారు. త్స్వెతా రాగిపాత్ర నిండా తెచ్చి, మరికాస్త ముందుకు నడిచి, సరిగ్గా నా పట్టాలు కలిసేచోట కుమ్మరించింది. తల్లి ప్రేమకు ఘనీభవన స్థానంతో పరిచయం ఉండదు.

కనుమ దగ్గరి సొరంగంలో బొగ్గుబండి ఈల మోగింది. రాద్కో నన్ను లాగాడు. నేను కదలలేదు. అతను వంగి చూశాడు: పట్టాల సందులో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. భార్య వైపు తిరిగాడు.

"నువ్వేనా పోసింది?"

"పిల్ల చల్లగా వెళ్లిరావాలని..."

"చల్లబడింది చాలుగానీ, ఇంట్లో ఉన్న ఉప్పంతా పట్రా."

పోర్టరు ప్రయాణికులను దించడానికి పరుగెత్తాడు. కిటికీలో నెవెనా ఏమీ తెలియక మాకు చెయ్యి ఊపుతూనే ఉంది. త్స్వెతా ఉప్పు చల్లింది, రాద్కో గునపంతో పొడిచాడు. ఉప్పు మంచును కరిగిస్తుంది. కానీ రసాయన శాస్త్రానికి తొందర ఉండదు. పట్టాలు దడదడలాడుతుంటే ఆ వణుకు బండిదో నాదో నాకు తెలియలేదు. చివరికి భార్యాభర్తలిద్దరూ నా మీద వేలాడితే ఒక్కసారిగా తిరిగాను. బొగ్గుబండి రెండో లైన్‌లోంచి, నెవెనా కిటికీ పక్కనుంచి ఉరుముతూ పోయింది.

సాయంత్రానికి ఊరు తీర్పు చెప్పింది: నీళ్లు పోసిన పుణ్యమే పిల్లను కాపాడిందని. ఉప్పును ఎవరూ తలచుకోలేదు. మరుసటి వారం ఇంకో తల్లి తన కొడుకు కోసం రెండు పాత్రలు పోసింది.

ఇప్పుడు ఆ లైన్ లేదు. నాకు ఎర్ర రంగు వేసి స్టేషన్ ముందు ప్రదర్శనకు నిలబెట్టారు. మంచు కురిసిన ఉదయాల్లో నా కీలు బిగుసుకుంటుంది. చలికి లోహం సంకోచిస్తుందని చూడవచ్చినవారు పిల్లలకు చెబుతారు. వివరణ సరైనదే. అది భయం కాదని మాత్రం ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.