రెండవమారు నొక్కుము

ఆ శిశువును జంపినది రోగము కాదు, దారి కాదు, దైవమసలే కాదు. కొండమెట్ట ప్రభుత్వాసుపత్రి పెద్దలారా, "రెండవమారు నొక్కిన వచ్చును" అని నవ్వుచు నేడాదికి బైగా కాలము గడపిన మీరే చంపితిరి. ఈ మాటకు మెరుగు పెట్టవలసిన పని లేదు.

భాద్రపదమాసము. గిరిశిఖరములను గబళించిన నీలమేఘములు తెరపి లేక కురిసి ఘాటుమార్గమునంతయు నెర్రనీటి కాలువగ జేసి జీడిమామిడితోటల యాకులనుండి యింకను బొట్లుబొట్లుగ జారుచుండ, తడిసిన దుప్పట్ల ముక్కవాసనయు మందుల ఘాటును బాలెంతల మూలుగులును నేకమై యాసుపత్రి వసారాను నింపియున్న యా మధ్యాహ్నమున సవర జమ్మయ్య భార్య సుంబరి మగశిశువును గనెను. శిశువు నీలివర్ణముతో బుట్టెను. రొమ్ము లోనికి గ్రుంగుచుండెను. ఊపిరి తీయునప్పుడెల్ల సన్నని మూలుగు వినవచ్చుచుండెను.

సముద్రతీరపు పట్టణమునుండి బదిలీపై యా వారమే వచ్చిన నర్సు గౌరీశ్వరి బిడ్డకు బ్రాణవాయువు గొట్టమమర్చి నవజాతశిశువుల ప్రత్యేక విభాగమునకు బంపక తప్పదని యెరిగి కంప్యూటరు ముందు గూర్చుండెను. కొండదిగువనున్న నాగులవలస యాసుపత్రిలోని యా విభాగమున నుయ్యెలలు ఖాళీగ నున్నవో లేవో తెలుపు పుట యొకటి కలదు. ఆ పుట "ఖాళీలు లేవు" అని చూపెను. ఆమె క్షణమైన జాగు సేయక యంబులెన్సును దూరపు నగరమునకు బంపెను. నాగులవలస దాటి చాలదూరము పోయిన పిమ్మట దండ్రి యొడిలోనే యా శిశువు చల్లబడెను.

మరునాడుదయము నాగులవలసనుండి ఫోను వచ్చెను. "అమ్మా, నిన్న మాయొద్ద రెండుయ్యెలలు ఖాళీగనే యుండెను గదా. మా గుమ్మము ముందునుండి పోయిన బిడ్డను మాకేల చూపరైతిరి?"

సూపరింటెండెంటు పట్టాభిరామయ్య యామెను గదిలోనికి బిలిచి మెల్లగ బుజ్జగించెను. "కొత్తదానవు, అలసితివి, కన్ను చెదరినది. తప్పుగ జదివితివి. నీవెవరితోను అనకుము, నేనును అనను."

గౌరీశ్వరి వార్డునకు వచ్చి యల్మరలోని మందుసీసాల మీది చిన్న యక్షరములను దూరమునుండి చదివి చదివి తన కన్నులను దానే పరీక్షించుకొనుచుండ, హెడ్డునర్సు వరహాలమ్మ చూచి దగ్గరకు వచ్చెను.

"తల్లీ, రెండవమారు నొక్కలేదా?"

"రెండవమారు నొక్కుటేమి?"

"అయ్యో, నీకెవ్వరును చెప్పలేదా! మన కంప్యూటరు మా యత్తగారి గేదె వంటిది. మొదట తన్నును, మరల దగ్గరకు బోయిన బాలిచ్చును. ఒకమారు తప్పని కోపగించును, ఒకమారు ఏనాటిదో పాతపుట చూపును. ఇక్కడివారమందరము రెండేసిమార్లు నొక్కుదుము." అనుచు వరహాలమ్మ నవ్వబోయి యా నవ్వును సగముననే మ్రింగుకొనెను.

అందరికిని దెలిసిన దోషమగుటచేతనే యది యెవ్వరికిని దోషముగ దోపకపోయెను.

గౌరీశ్వరి తిన్నగ బోయి కంప్యూటర్ల బాగోగులు చూచు తవిటినాయుని పట్టుకొనెను. "నాయుడన్నా, నా కన్ను తప్పో నీ యంత్రము తప్పో నేడు తేలవలెను. చూపుము."

ఆ యాసుపత్రి కంప్యూటర్లేవియు నేరుగ బయటికి బోవు. ప్రాక్సీ సర్వర్లనెడు యంత్రములు రెండు నడుమ నిలిచి యడిగిన పుటలను దెచ్చి యిచ్చుచుండును. ఒకమారడిగినది క్రొత్తదానికి బోవును, మరియొకమారడిగినది పాతదానికి బోవును. తవిటినాయుడు మొదట నడిగినవన్నిటిని క్రొత్తదాని గుండ మాత్రమే పోనిచ్చెను. ఎన్నిమార్లడిగినను సరియైన పుటయే వచ్చెను. పిమ్మట బాతదాని గుండ మాత్రమే పోనిచ్చెను. కొన్ని పుటలు తెరచుకొననే లేదు. నాగులవలస పుట తెరచుకొని "ఖాళీలు లేవు" అనెను.

తవిటినాయుడు పాతయంత్రపు మూత తీసి చూచెను.

"దీని లోపలి బ్యాటరీ చచ్చినది. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల దీని గడియారము ఏండ్ల వెనుకకు బోవుచున్నది. తాను దాచుకొన్న పుట పాతబడినదని దీనికి దెలియదు, తాజాదనియే యిచ్చును. భద్రత గల పుటలనేమో తేదీ కుదరలేదని త్రోసివేయును."

"ఇది కనుగొనుటకు నీకెంతసేపు పట్టినది?"

అతడు తల వంచెను. "టీ త్రాగునంతసేపు. ఏదో చెడినదని యెరుగుదును. సూపరింటెండెంటు సారుతో నంటిని. రెండవమారు వచ్చుచున్నది గదా, నీకేమి తొందర యనిరి. నేనును ఊరకుంటిని."

తన కన్ను నిర్దోషియని తెలిసిన పిమ్మట నామె గుండె తేలికపడవలసినది. పడలేదు. బరువు రెట్టింపయ్యెను. వసారాలో జమ్మయ్య గోడకు జేరగిలబడి బిడ్డను జుట్టి తీసికొనిపోయిన పాతచీర ముక్కను మోకాలిమీద బరచి ముడుతలు సవరించుచుండెను. ఆమెను జూచి లేవబోయెను.

"సిస్టరమ్మా, దిగువ యాసుపత్రి ముందునుండియే పోతిమి. గేటు తెరచియే యుండెను. ఒక్కమారాపుమని డ్రైవరు నడిగితిని. చోటు లేదట, సిస్టరమ్మ చూచినదట యనెను. నీవు చూచితివి గదా. నిజముగ లేదు గదా?"

జమ్మయ్య యామె ముఖములోనికి జూచెను.

"లేదనుము తల్లీ. లేదంటివా, ఆ గేటు నా కన్నులముందునుండి పోవును."

గౌరీశ్వరి యతని యెదుట నిలువలేక సూపరింటెండెంటు గదిలోనికి నడచి జరిగినదంతయు జెప్పెను. పట్టాభిరామయ్య కండ్లజోడు తీసి తుడుచుకొనెను.

"అతడే లేదనుమనుచున్నాడు గదా, లేదనియే చెప్పుము. పోయిన ప్రాణము రాదు. యంత్రము సంగతి వచ్చునెల చూతము."

"అతనికి లేదని చెప్పుటకు నాకు నోరున్నది, అయ్యా. చెప్పను. లోపల మరియొకతె నొప్పులు పడుచున్నది. ఆ బిడ్డ వచ్చునెల వరకు ఆగదు. లేవుడు. మొదట ఆ పాతయంత్రపు తీగను మీ చేతితోనే పెరుకుడు. పిమ్మట వసారాలోనికి వచ్చి జమ్మయ్య యెదుట నేలమీద గూర్చుండి, చోటుండెనని మీ నోటితోనే చెప్పుడు. మీ ప్రక్కన నేను గూర్చుందును. ఇప్పుడే లేవుడు."