సీ డ్రైవ్‌లో ఖాళీ జాగ

పొద్దున షట్టర్ ఎత్తి సిస్టమ్ ఆన్ చేయగానే మళ్లీ అదే ఎర్ర గీత. సీ డ్రైవ్ నిండిపోయింది. నిన్న ఇంటికి పోయే ముందే రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, టెంపరరీ ఫైళ్లన్నీ తీసేశాను. కాస్త జాగ కనిపించింది. తెల్లారేసరికి అది లేదు. అప్‌డేట్ వచ్చిందట. నన్ను అడగకుండా నా జాగలోకి వచ్చి కూర్చునే దేన్నీ నేను చిన్నప్పటి నుంచి భరించలేను, బంధువులతో సహా.

పాత బస్టాండు దగ్గర దామోదర్ ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేసేది నేనే. డీ డ్రైవ్ ఎండాకాలంలోనే చచ్చింది. కొత్తది తెస్తానని దామోదర్ అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం తొగుట దిక్కున ఒక ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ర్యాలీ. పెద్ద ఫ్లెక్సీ కావాలి. ఫోటోషాప్‌లో ఆయన ముఖం పెట్టగానే స్క్రాచ్ డిస్క్ నిండిందని, అంటే పని చేసుకునే జాగ లేదని, ఒక డబ్బా తెర మీదికొచ్చింది. దానికి ఓకే అని తప్ప వేరే జవాబు ఉండదు. నొక్కాను. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను.

"ఏంది దత్తన్నా, ఇంకా మొఖం గూడ పెట్టలే?" దామోదర్ కౌంటర్ దగ్గర నుంచి అరిచాడు.

"జాగ లేదు సేటు."

"లేకుంటె తీసెయ్యి. సచ్చినోళ్లందర్నీ అండ్ల దాసుకొని కూసున్నవ్. వాళ్లొచ్చి ఓటేస్తరా?"

అతను అంటున్నది 'దినాలు' అనే ఫోల్డర్ గురించి. దినాలకూ వర్ధంతులకూ చేసిన ఫ్లెక్సీలు, వాటి ఫోటోలు అన్నీ అందులోనే. ఎవరూ తమ ఫోటో తిరిగి తీసుకుపోరు. నీ కంప్యూటర్ల ఉంటది గదా అంటారు. ఫోన్ పగిలినా, ఇల్లు కురిసినా నేనున్నానని వాళ్ల ధైర్యం. నేనెవరికీ మాటివ్వలేదు. అయినా మూడేళ్లుగా తీసెయ్యలేకపోయాను. దాన్ని దయ అనుకోవడం నాకిష్టం. అది దేన్నీ తెంచుకోలేని జబ్బు కావచ్చు.

డబ్బా మళ్లీ వచ్చింది. నేను ఫోల్డర్ మీద క్లిక్ చేసి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టాను.

ఎర్ర గీత నీలమైంది. ఒళ్లంతా తేలికైంది. అంత హాయి ఎందుకు కలిగిందో ఆలోచించే తీరిక లేకుండా అభ్యర్థి ముఖాన్ని ఇరవై అడుగులకు పెంచాను. ఎత్తిన చేయి, వెనక జనం. పని సాఫీగా సాగింది.

అది సగమయ్యేసరికి త్రివేణి వచ్చింది. మిరుదొడ్డి అవతల పల్లె. పోయినేడు వాళ్ల అమ్మ దినాలకు ఫ్లెక్సీ చేసింది నేనే. పెళ్లి గుంపు ఫోటోలోంచి, త్రివేణి అవ్వ అని పిలిచే ఆ తల్లి ముఖాన్ని కత్తిరించి తీశాను.

"రేపు సంవత్సరీకం అన్నా. గదే ఫోటో ఎయ్యి."

చేయి మౌస్ మీదే ఆగిపోయింది. "మీ దగ్గర లేదా?"

"తమ్ముని ఫోన్ల ఉండె. ఫోన్ భివండిల పనికాడ పోయింది."

"పాత ఫ్లెక్సీ?"

"వడ్ల మీద కప్పినం. ఎండకు మొఖం తెల్లగైంది."

"ఆధార్ కార్డు?"

"అండ్ల మా అవ్వ దొంగ లెక్కుంటది. నీ కంప్యూటర్ల ఉంటది గదా!"

ఉంది, లేదు కూడా. డిలీట్ చేసినంత మాత్రాన ఫోటో పోదు. ఆ జాగ ఖాళీ అని మాత్రమే మిషన్ రాసుకుంటుంది. ఇంకొకటి వచ్చి మీద పడేదాకా అది అక్కడే ఉంటుంది. కానీ ఇంకొకటి వస్తూనే ఉంది. నేను చూస్తుండగానే అభ్యర్థి ఎత్తిన చేయి ఆ ఖాళీలోకి దిగుతోంది. నేను చేసే ప్రతి క్లిక్కూ ఆ తల్లి మీదే పడుతోంది.

సేవ్ చేయకుండా ఫోటోషాప్ మూసేశాను.

"పిచ్చి లేసిందా నీకు?" దామోదర్ లేచి వచ్చాడు.

"ఒక ఫోటో వెతకాలె. అప్పటిదాక దీన్ని ముట్టద్దు."

"ర్యాలీ ఉన్నదిరా!"

పెన్‌డ్రైవ్‌లోని రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపించాను. పోయిన ముఖాలు ఒక్కొక్కటే తేలసాగాయి. పేర్లు లేవు, అంకెలే. త్రివేణి స్టూల్ మీద కూర్చుని ప్రతి ముఖానికీ "గీమె గాదు" అంటోంది. అభ్యర్థి మనుషులు వచ్చి, తిట్టి, పోయారు.

"వాళ్లు పక్క దుకాన్ల కొట్టిచ్చుకుంటున్రు," అన్నాడు దామోదర్. "నువ్వు సచ్చినోళ్లకు డాక్టర్ లెక్క ఓపీ సూడు. రేపటికెల్లి గదే పని జేసుకో, వేరే జాగల."

అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. చెయ్యి ఆపలేదు.

చివరికి దొరికింది. నొసలు, బొట్టు, కళ్లు, ముక్కు. ముక్కు కింద నుంచి బూడిద రంగు పట్టీ. అక్కడ వేరేది రాసేసుకుంది మిషన్. తిరిగొచ్చిన మిగతా ఫైళ్లు తెరిచాను. తెరుచుకున్న వాటిలో ఆమె ఫ్లెక్సీ గాని, పెళ్లి గుంపు ఫోటో గాని లేదు.

త్రివేణి చాలాసేపు చూసింది. ఏడవలేదు. "నా మూతి పెట్టరాదే? అందరు నాది అవ్వ పోలికే అంటరు."

ఫోన్‌తో ఆమెను ఫోటో తీసి, పెదవులు కత్తిరించి అతికించాను. రంగు కలిసింది, నీడ కలిసింది. పనిగా చూస్తే మంచి పనే.

"అయ్యో, మా మేనత్త లెక్కుంది!" అంది. "గామెకు మా అవ్వకు జిందగీల మాటల్లెవ్వు. తియ్యి అన్నా, తియ్యి."

తీసేశాను. బూడిద రంగు మళ్లీ బయటపడింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక మౌస్‌ను బల్లకేసి కొట్టాను. త్రివేణి ఉలిక్కిపడి, కొంచెం జరిగి కూర్చుంది.

"పూలదండ ఏస్తవ్ గదా?" అంది కాసేపటికి. "గది జెర పైకెయ్యి."

దండ తెచ్చి పెట్టాను. ఇంకింత అంది. జరిపాను. ఇంకింత. బంతిపూలు ముక్కు కిందిదాకా వచ్చి, బూడిద పట్టీని కప్పి ఆగాయి. ఏదో చెప్పబోతున్న మనిషి నోటికి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. ఆ మాట నేను పైకి అనలేదు.

"మంచిగున్నది," అంది త్రివేణి, తెర వైపు చూడకుండా.

నాకు ఏమీ మంచిగా లేదు. సైజు ఎంత కావాలని అడిగాను.