క్లచ్ తొక్కితే వచ్చే చప్పుడు

మోపెడ్ కార్బ్యురేటరును పెదవులకు ఆనించి ఊదుతున్న మస్తాన్ మధ్యలో ఆగి తల పక్కకు వంచాడు. జువ్వలదిన్నె వైపు నుంచి ఏదో బరువు బండి వస్తోంది. ఇంజను బాగానే ఉంది. కానీ డ్రైవరు గేరు మార్చబోయిన ప్రతిసారీ, కాలు క్లచ్ మీద పడగానే, రేకు మీద మేకుతో గీసినట్టు ఒక కీచు లేస్తోంది. కాలు తీయగానే ఆగిపోతోంది.

"క్లచ్ రిలీజ్ బేరింగు," అనుకుని మళ్ళీ ఊదాడు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి మెడ, వెడల్పు భుజాలు. సబ్బుకు లొంగని నలుపు వేళ్ళ గీతల్లో చేరి, ఆ చేతులు దేన్ని పట్టుకున్నా దాని మీద అచ్చు పడేది. బోగోలు రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డు పెట్టి ముప్పై నాలుగేళ్ళయింది. ఒకప్పుడు తీరం నుంచి వచ్చే చేపల లారీలు షెడ్డు ముందు వరసగా నిలబడేవి. ఇప్పుడు మోపెడ్లు, రొయ్యల గుంటల దగ్గరి పంపు ఇంజన్లు మాత్రమే వస్తున్నాయి. అవి కూడా తప్పనిసరై వచ్చేవే.

మినీ లారీ షెడ్డు దాటబోయి గరగరమంటూ ఆగిపోయింది. డ్రైవరు రెండుసార్లు గేరు వేయబోయాడు. పళ్ళు పళ్ళు కొరుక్కున్న మోతే తప్ప గేరు పడలేదు. తలుపు తెరుచుకుని దిగిన మనిషిని చూసి మస్తాన్ కార్బ్యురేటరు కింద పెట్టాడు.

తహీర్.

తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ఈ షెడ్డు ముందు నుంచి వెళ్తూనే ఉన్నాడు. ముఖం మాత్రం సముద్రం వైపు తిప్పుకునేవాడు. తొమ్మిదేళ్ళ కింద అతని తమ్ముడు కలీం, మస్తాన్ దగ్గర రిపేరుకు వదిలిన తమ బండి తీసుకుని మైపాడుకు ఐసు వేసుకుపోతూ, బ్రేకులు పడక కల్వర్టును గుద్దుకుని చనిపోయాడు. బాగైపోయిందని మస్తానే చెప్పి బండి ఇచ్చాడని తహీర్ అందరికీ చెప్పాడు. శవం పక్కన నిలబడి చెప్పాడు కాబట్టి ఊరు నమ్మింది. తాను బండి ఇవ్వలేదని మస్తాన్ పెద్దల ముందు ఒక్కసారి చెప్పాడు. రెండోసారి చెప్పబోతే ఎవరో దగ్గి ఉమ్మేశారు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

తహీర్ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లు చేశాడు. ఆదివారం. కావలిలో షెడ్లన్నీ మూసి ఉన్నాయి. బండి వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్ళు కారి తారు మీద చారలు కడుతున్నాయి. అరగంటకు అతను షెడ్డు నీడ అంచు దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"గేరు పడటం లా. చూస్తావా?"

"లోడు ఏంది?"

"చందువ చేపలు. మద్రాసు పోవాల. ఐసు సాయంత్రం దాకా నిలబడదు."

షెడ్డు వెనక ఇంటి గుమ్మంలోంచి షాజాదీ బేగం గొంతు లేచింది. "ఆ బండి ముట్టుకోబాక! కుళ్ళిపోనీ ఆ చేపలు. వాడి మొహం మీదనే కుళ్ళిపోనీ!"

మస్తాన్ భార్య వైపు చూడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బండి దగ్గరికి నడిచాడు.

"స్టార్ట్ చెయ్యి. న్యూట్రల్. క్లచ్ మీద కాలు పెట్టబాక."

ఇంజను తిరిగింది. మస్తాన్ కళ్ళు మూసుకుని విన్నాడు. వేరే మోత ఏదీ లేదు.

"ఇప్పుడు కొంచెం తొక్కు. కొంచెమే."

పెడల్ అంగుళం దిగిందో లేదో కీచు లేచింది.

"గేర్‌బాక్సే పోయిందన్నాడు మొన్న కావలి మెకానిక్కు," అన్నాడు తహీర్ కిటికీలోంచి.

"గేర్‌బాక్సుదైతే కాలు తీసినప్పుడు అరవాల. ఇది కాలు పెడితే అరుస్తాంది. రిలీజ్ బేరింగు."

"నీ మాట నేను నమ్మాల్నా?"

"నమ్మబాక. దించి చూపిస్తా."

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఫ్రిజ్ పెట్టె అట్ట ఒకటి పరిచి మస్తాన్ బండి కిందికి దూరాడు. షాఫ్టు విప్పాడు. ఒక్కో బోల్టు తుప్పు పట్టి పానాకు ఎదురు తిరుగుతోంది. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి అదే చోట పడి ఇనుమును తినేశాయి. ఇప్పుడు ఆ నీళ్ళే చల్లగా, నీచు వాసనతో, ఆయన మెడ మీద పడుతున్నాయి. గేర్‌బాక్సు దించే సమయానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది.

"కిందికి రా. పట్టుకో."

తహీర్ తిట్టుకుంటూ దూరాడు. ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఆ బరువును చెరోవైపు పట్టుకున్నారు. ముఖాల మధ్య జానెడు దూరం. తహీర్ గడ్డం నెరిసిపోయిందని మస్తాన్ అప్పుడే గమనించాడు. జాకీ మీదికి గేర్‌బాక్సు దిగుతుంటే మస్తాన్ ఎడమ భుజంలో ఏదో పట్టేసింది. పళ్ళు బిగించి ఊపిరి మెల్లగా వదిలాడు.

బేరింగు బయటికొచ్చింది. మస్తాన్ దాన్ని తహీర్ అరచేతిలో పెట్టాడు. తిప్పబోతే తిరగలేదు. ఎర్రటి పొడి రాలింది.

"చూసుకో. ఇది బిగుసుకుపోతే దీన్ని తోసే ఫోర్కు పక్కకు జారిపోయింది. అందుకే క్లచ్ విడవటం లా."

తహీర్ దాన్ని చూసి పక్కన పడేశాడు. మస్తాన్ షెల్ఫులోంచి కొత్త బేరింగు తెచ్చాడు. ఫోర్కు కూర్చునే గుండును రాపిడి కాగితంతో రుద్ది, గ్రీజు పట్టించి, ఫోర్కునూ కొత్త బేరింగునూ వాటి చోట్లో కూర్చోబెట్టాడు. క్లచ్ ప్లేటును గోటితో గీరి చూశాడు. ఇంకో ఏడాది వస్తుంది. మార్చమని చెప్పలేదు.

గేర్‌బాక్సు మళ్ళీ ఎక్కించేటప్పుడు తహీర్ అన్నాడు. "బోల్టులు సరిగ్గా బిగించు. మా కలీంని పంపినట్టు నన్ను కూడా పంపబాక."

మస్తాన్ చేతిలో పానా ఆగింది. ఇంటి గుమ్మం దగ్గర షాజాదీ బేగం భర్త కోసం టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆమె ఆ మాట విన్నది.

"బ్రేకు సిలిండరు కారతాంది, సామాను రేపొస్తది, బండి కదిలించొద్దని నీకు చెప్పినా," అన్నాడు మస్తాన్. గొంతు పెంచలేదు. "మేకుకి బండి తాళం తగిలిచ్చి జుమ్మా నమాజుకి పోయినా. వచ్చేలోపల బండి లేదు. కలీంకి ఈ సంగతి తెలవదు. నేను వాడికి చెప్పలా. నీకే చెప్పినా."

బండి కింద ఐసు నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. తహీర్ గేర్‌బాక్సు మీద పట్టు మార్చుకున్నాడు. తర్వాత ఎవరో గొంతు పట్టుకుని మాట లాగినట్టు అన్నాడు.

"అవును. తాళం నేనే తీసిచ్చినా. మెల్లగా పోతే ఏం గాదులే అనుకున్నా. అయితే ఏంది ఇప్పుడు? ఊళ్ళోకి పోయి చెప్పమంటావా? మా అమ్మ బతికుండాది. కొడుకుని నేనే సంపినానని ఆమెకి చెప్పమంటావా? చెప్పు!"

మస్తాన్ అతని వైపు చూశాడు. తొమ్మిదేళ్ళు ఈ మాట కోసం ఎదురుచూశాననుకునేవాడు. ఇది వచ్చిన రోజు తాను అరుస్తాననీ, కొడతాననీ అనుకునేవాడు. ఇప్పుడు భుజం నొప్పి తప్ప లోపల ఏమీ కదల్లేదు.

"నాకు చెప్పబాక. పైకి పో. క్లచ్ తొక్కాల."

గుమ్మం దగ్గర షాజాదీ బేగం చేతిలోని టీని మట్టిలో పారబోసింది.

మిగిలిన బోల్టులూ షాఫ్టూ మస్తాన్ ఒక్కడే బిగించాడు. ఒకటి బిగించాక ఆగి, చెమట తుడుచుకుని, ఇంకోటి. చివరికి కింద నుంచే కేకేశాడు.

"స్టార్ట్ చెయ్యి!"

ఇంజను తిరిగింది.

"తొక్కు."

తహీర్ తొక్కాడు. మస్తాన్ తల మీద, జానెడు దూరంలో, కొత్త బేరింగు తిరిగింది. కీచు లేదు. రాపిడి లేదు. నూనె పట్టిన ఇనుము తన పని తాను చేసుకుపోతున్న చిన్న హోరు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన చేతి కింద ఒక పెద్ద బండి అట్లా ఊపిరి పీల్చుకుంటోంది.

"వదులు," అన్నాడు. "మళ్ళీ తొక్కు."

తహీర్ తొక్కాడు. తర్వాతి మాట కోసం చూశాడు. రాలేదు.

"వదలాల్నా?"

జవాబు లేదు.

"ఏమయ్యా, నిన్నే! ఎంతసేపు తొక్కిపెట్టాల?" వదిలి, విసురుగా మళ్ళీ తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. "పగ తీర్చుకుంటాండావా? మాట్టాడు!" తర్వాత ఇంజను ఆపి కిందికి వంగి చూశాడు.

"మస్తాన్ భాయ్," అన్నాడు. "భాయ్!"

షాజాదీ బేగం పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఆయన్ని బయటికి లాగి క్యాబిన్‌లోకి ఎక్కించారు. ఆమె భర్త తలను ఒళ్ళో పెట్టుకుంది. కావలి దాకా తహీర్ ఎన్నిసార్లు గేరు మార్చాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. హైవే ఎక్కకముందే ఆయన ఊపిరి ఆగిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. అయినా బండి ఆపమనలేదు.

ఆసుపత్రిలో చీటీ రాసే ఆవిడ ఏం జరిగిందని అడిగింది.

"తాళం తీసింది నేనే," అన్నాడు తహీర్.

ఆవిడకు అర్థం కాలేదు. "అది కాదు. వయసెంత, పేరేంది, చెప్పండి," అంది.

"ఆ రోజు తాళం ఇచ్చింది నేనే," అన్నాడు మళ్ళీ, ఈసారి అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ వినపడేట్టు. బెంచీ మీద షాజాదీ బేగం కళ్ళెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో దయ లేదు. "నాకెందుకు చెప్తాండావు? బోగోల్లో చెప్పు," అంది. తర్వాత భర్త పేరూ వయసూ ఆమే చెప్పింది.

బోగోలు రోడ్డు మీద ఎండ షెడ్డు నీడను గోడ దాకా నెట్టేసింది. బండి నిలబడిన చోట, మస్తాన్ వీపు కింద పరుచుకున్న ఫ్రిజ్ పెట్టె అట్ట అట్లాగే పడి ఉంది. భుజాలు ఆనిన చోట రెండు నల్లటి మరకలు. ఒక అంచు నుంచి చేపల నీళ్ళు అట్టలోకి ఇంకుతూ, మెల్లగా ఆ మరకల వైపు పాకుతున్నాయి.