కొండ మీద ఎర్ర మరక

చోరనూరు కొండ ఎదుట గ్లోరియాకు కాలు నిలవడం లేదు. బ్రూస్‌పేటలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఆమె, ఇవాళ ఎలుగుబంటిని తీద్దామని కొత్త టెలికన్వర్టర్‌తో వచ్చింది. లెన్సుకూ కెమెరాకూ మధ్య దాన్ని బిగిస్తే దూరంగా ఉన్నది రెండింతలు పెద్దగా కనిపిస్తుంది.

కన్వర్టర్ గాజు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. పెళ్లిళ్ల లెన్సు గాజు వెనక అంచుదాకా ఉంది కాబట్టి బిగిస్తే రెండూ తగిలి పగులుతాయి. సంచిలోని పొడవాటి లెన్సు తీసి తిప్పి చూస్తే గాజు బాగా లోపలికి ఉంది. బిగించగానే టక్కున కూర్చుంది!

"కనపడిందామ్మా ఎలుగుబంటి?" అన్నాడు తోడొచ్చిన రైతు హొన్నప్ప.

"యాడప్పా! బండ మీద ఎర్ర మరకుండాది, అంతే. లెన్సు మీద దుమ్ము పడినట్టుంది."

ఇనుప ఖనిజం లారీలు ఎర్రదుమ్ము లేపుతూ తిరిగే ఆ దారిలో తుడవనిదే ఎవరూ నీళ్ల గ్లాసు కూడా ఎత్తరు. గ్లోరియా లెన్సు తుడిచింది. కన్వర్టర్ విప్పి తుడిచి బిగించింది. మళ్లీ చూసేసరికి మరక పక్క బండ ఎక్కి, తల ఎత్తి వీపు గోక్కుంటోంది.

"హొన్నప్పా! అదే ఎలుగుబంటి!" ఆమె వేలు బటన్ మీద ఆగలేదు. "ఎర్రగుండాదేందప్పా?"

హొన్నప్ప, ఒకప్పుడు తెల్లగా ఉండిన తన పంచె దులుపుకున్నాడు.

"ఈడ ఎవరి రంగు వాళ్లకి మిగిలిందమ్మా?"