కొండల్ చేతిల పోర్ట్‌ఫోలియో

మాదన్నపేట మార్కెట్‌కు కూరగాయల బండ్లు వచ్చే యాళ్లకు కొండల్ ఖాకీ అంగీ తొడుక్కొని బస్సు కోసం నిలబడేటోడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు ముచ్చట ఇది. కొండల్‌ది సచివాలయంల అటెండర్ నౌకరి. మంత్రిగారు కారు దిగంగనే నల్ల తోలు సంచి అందుకోవాలె, గది దాకా మోసుకపోవాలె, బల్ల మీద పెట్టాలె. ఆఫీసుల ఆ సంచిని అందరు పోర్ట్‌ఫోలియో అంటరు.

గల్లీల ఎవరో ఏం పని జేస్తవని అడిగితే, దవాఖానల శాఖ పోర్ట్‌ఫోలియో నా చేతిలనే ఉంటది అని చెప్పిండు ఒకనాడు. అబద్ధమైతే గాదు మరి. కిరాణం వైకుంఠం సేటు, అంటే షేర్ల కాయితాలన్నట్టు, బొంబాయిల గట్లనే అంటరు అన్నడు. బోర్డులు రాసే ప్రహ్లాద్, కాదు సేటు, బొమ్మలేసి దాచుకునే అట్టల కట్ట అన్నడు. ఇద్దరికి మస్తు లొల్లి అయింది. సాయంత్రం రేడియో వార్తలల్ల మంత్రుల శాఖలను పోర్ట్‌ఫోలియోలు అని చెప్పంగ వినబడ్డంక ఇద్దరి నోళ్లు మూతబడ్డయి. ఇగ చెప్పేదేముంది, శాఖ మొత్తం కొండల్ చేతిల ఉన్నదని తేలిపోయింది. కొండల్ కాదనలే. చాయ్ హోటల్ల లేచి కుర్చీ ఇస్తుంటే కాదనబుద్ధి కాలే మనిషికి.

ఆయన ఎదురిల్లు కృష్ణమ్మది. సర్కారు దవాఖానల ఆయా. పెనిమిటి లేడు, కండ్లు కానరాని తల్లి ఉన్నది. గసోంటి ఆమెను ఆదిలాబాద్‌కు బదిలీ చేసిన్రు. తల్లిని అంత దూరం తోలుకపోలేదు, ఇడిచిపెట్టి పోలేదు. అర్జీ రాయించుకొని కొండల్ దగ్గరికి వచ్చింది. నీ చేతిల పనే గదన్నా అన్నది. కొండల్ అర్జీని జేబుల పెట్టుకొని, ఫికర్ చెయ్యకు అన్నడు.

అర్జీ మంత్రికిచ్చే ధైర్యం ఈయనకు యాడిది? చాటుంగ సంచిల పెట్టినా నౌకరి ఊడుతదని భయం. రోజు పొద్దుగాల కృష్ణమ్మ ఎదురొచ్చి, ఏమన్న అయిందా అన్నా అని అడిగేది. అయితది అనేటోడు. ఆ సిగ్గుకు కొండల్ కుంచించుకపోతుండె. మాట వరసకు కాదు, నిజంగనే. వాళ్ల ఖాందాన్ల మగోళ్లందరు గంతే, సిగ్గైతే చిన్నగైతరు. మొదలు బెత్తెడు తగ్గిండు, తర్వాత మూరెడు. భార్య రాజమణి ఏం అడగలే, అంగీ చేతులు మడిచి కుట్టింది. బస్సు కండక్టర్ ఆఫ్ టికెట్ కొట్టిండు. సంచి నేలకు రాస్తుంటే, జర పైకి పట్టుకోవయ్యా అన్నడు మంత్రి. ఇంకేమనలే.

గట్లుండంగ మంత్రివర్గంల మార్పులైనయి. ఆ మంత్రి మంత్రిగనే ఉన్నడు గాని ఏ శాఖ లేకుంట అయిండు. తెల్లారి సంచి తీస్కపోయి కొత్త మంత్రికి అప్పజెప్పుమని కొండల్ చేతికిచ్చిన్రు. కొండల్ ఇల్లు చేరకముందే రేడియో గల్లీకంత చెప్పేసింది. పోర్ట్‌ఫోలియో పోయిందంట పాపం అనుకుంట జనం చావింటికి వచ్చినట్టు వచ్చి కూసున్నరు. కొండల్‌కు ఇంతకన్న మంచి సందు దొరుకదు. అవును పోయింది, ఇగ నేనేం జేస్త అంటే అయిపాయె. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడ.

అప్పుడే కృష్ణమ్మ గిన్నెల ఇంత కిచిడీ తెచ్చి ముందల పెట్టింది. ఎల్లుండి ఆమె ఆదిలాబాద్ బస్సెక్కాలె.

"నా ఫికర్ పెట్టుకోకన్నా. నువ్వు కోషిష్ చేసినవ్, గది చాలు" అన్నది.

కొండల్‌కు తల తీసేసినట్టయింది. అందరు చూస్తుండంగనే మోకాలెత్తుకు దిగిండు, ఆడికెల్లి జానెడయిండు, అంగీల మునిగిపోయిండు. అంగీ లోపలికెల్లి మాట వచ్చింది.

"అది ఉత్త సంచి కృష్ణమ్మా. నేను సంచి మోసేటోన్ని. నీ అర్జీ ఎవ్వలకూ ఇయ్యలే, జేబులనే ఉన్నది."

కృష్ణమ్మ కిచిడీ గిన్నె తీస్కొని గుమ్మం దాకా పోయింది. ఆడ్నే నిలబడి, రేపు ఆ సంచి ఎట్ల మోస్తవ్ అని అడిగింది. ఈ సైజుల మోసుడు నాతోని కాదని కొండల్ ఒప్పుకున్నడు. అయితే నేను మోస్త, నువ్వు అర్జీ పట్టుకొని లోపల కూసో అన్నది.

తెల్లారి సచివాలయం గేటు కాడ జవాను సంచిని చూసి సలాం కొట్టిండు. మోసేదెవరని ఏనాడు చూసిండు గనుక! సంచి లోపలికెల్లి కొండల్ మెట్లెటు, వరండా ఎటు అని చెప్తుంటే కృష్ణమ్మ నడిచింది. కొత్త మంత్రి సంచి తెరిచేసరికి జానెడు మనిషి, తనకన్న పొడుగున్న కాయితం ఎత్తిపట్టుకొని నిలబడ్డడు. ఈమె ఎన్నడో ఇచ్చింది సార్, దాచినోన్ని నేను, తప్పంత నాది అన్నడు. మంత్రి కండ్లద్దాలు సర్దుకొని చదివిండు. బదిలీ ఆపుమని రాసి సంతకం పెట్టిండు.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల కృష్ణమ్మ ఒళ్లె కూసొని, మాఫ్ చెయ్యి చెల్లే అన్నడు కొండల్. ఆమె కిటికీల నుంచి బయటికే చూసింది. దిగినంక మాత్రం, మాఫీ నన్ను అడుగుడు కాదు, రాత్రులు ఏడ్చింది మా అమ్మ, పోయి ఆమెకు చెప్పుకో అని తీస్కపోయి తల్లి మంచం మీద దించింది.

కొండల్ మనిషితోపాటు సన్నబడ్డ గొంతుతోని ఉన్నదున్నట్టు చెప్పిండు. నీ బిడ్డ కాయితం జేబుల దాచుకొని రోజు బొంకిన అన్నడు. ముసలామె విన్నది. చేతులతోని మంచమంత దేవులాడింది, ఆ బుడ్డ తల చేతికి తగిలింది.

"గింతగనం పోరగానివి, నీకేం ఎరుక బిడ్డా" అని తల నిమిరింది. "పెద్దయినంక మాత్రం గిట్ల చెయ్యకు."

కృష్ణమ్మ గుమ్మంల నిలబడ్డది, ఆయన ఎవలో తల్లికి చెప్పలే.

"చెయ్యనమ్మా" అన్నడు నలభై దాటిన కొండల్.